పదకొండుంబావు

నవాఫుకు మీసం మొలిచింది. కొత్త ఆటపెట్టె కొనుక్కున్నాడు.
పాతది నా చేతిలో పెట్టి
"అబ్లాసూ, సినిమాలు చూసుకో" అన్నాడు.
ఓబులేసు అనడం రాదు వానికి.
తొమ్మిదేండ్లు బడికి తీసకపోయినా వాణ్ని,
వెనక సీట్లో కూచోని గాల్లోనే బొటనవేళ్లు ఆడించేవాడు.

సాల్వాలో, గరాజును ఆనుకోని నా గది.
మంచం, ఏసీ, బియ్యం డబ్బా,
శుక్రవారం సంతలో ఆరు దినార్లకు బేరమాడిన టీవీ.
దాని మూలన పచ్చగీత ఒకటి ఎప్పుడూ ఉంటాది,
దాన్ని మేము లెక్కపెట్టం.
ఆటపెట్టె మీట అరిగిపోయినాది,
వదిలేస్తే బొమ్మ తనంతట తానే ఎడంపక్కకు జారతాది
తోలేవాడు కునుకు తీసిన బండి మాదిరి.

పెట్టె వెలిగించినప్పుడల్లా ముందు నవాఫు ఆటే కనపడతాది:
ఏడో మెట్టు, సగం వంతెన, కత్తి పట్టుకోని నిలబడిన పిల్లోడు.
"జాగా చాలదు, పాతది తుడిచేయమంటావా?"
వద్దంటా.
మళ్లీ అడుగుతాది. మళ్లీ వద్దంటా.
మిగిలిన జాగాలోనే మా సినిమా.

శుక్రవారం మధ్యాన్నం వాళ్లొస్తారు.
ఫర్వానియా హోటలు నించి ఖాజామొహిద్దీను,
బకాలాలో సరుకు సర్దే చిన్న పెంచలయ్య,
జహ్రా గొర్రెల దొడ్డి నించి గంగిరెడ్డి
(వాసనొస్తాదేమోనని వాడు వాకిలి కాడనే కూచుంటాడు).
పెన్‌డ్రైవు పెంచలయ్య మెడలో ఉంటాది, తాయెత్తు మాదిరి.

ఇన్నాళ్లూ ఫోన్లో చూసినాము సినిమాలు,
హాల్లో దొంగతనంగా తీసినవి.
తెర ముందర ఎవడో లేచి పోతాంటాడు,
వాని తలకాయ కూడా కథలో ఒక పాత్ర మాకు.
ఇది హెచ్‌డీ. ఇది అట్ల కాదు.
రాణి ముక్కుపుడక కింద చెమట చుక్క.
గుర్రం కంటి మీద ఈగ.
"కోటగోడ అట్టది రా, రంగు పెచ్చులు లేసినాయి" అనె గంగిరెడ్డి.
ఇంత బాగా కనపడితే ఇంక నమ్మేదెట్ల అని
నిజంగానే బాధపడినాడు.

అప్పుడు ఖాజా ఆపమన్నాడు.
"వెనక్కి పో. ఇంకా. ఇంకొంచెం. ఆడ!"
యుద్ధానికి లేచిన దండులో
ఏనుగు పక్క, నాలుగో వరసలో
బల్లెం తలకిందులుగా పట్టుకున్న ఒక సిపాయి.

పద్నాలుగేండ్ల కింద గండికోటలో షూటింగు.
దినానికి మూడు నూర్లు, చిత్రాన్నం పొట్లం.
వాడు చెప్తానే ఉండె, మేము నవ్వుతానే ఉంటిమి.
ఫోన్లో వాడు చీమంత కూడా లేడు, దుమ్ములో దుమ్ము.
ఇప్పుడు చూడు,
దువ్వెన ఇరిగేంత జుట్టు,
పైపెదవి మీద కుట్ల గుర్తు,
మాకెవరికీ తెలియని నవ్వొకటి.

పెంచలయ్య టీవీకి ముక్కు ఆనించి పట్టేసినాడు:
"ఓరి నీ ఇల్లు బంగారుగాను! రాజుల కాలంలో చేతికి గడియారమా?"
అట్ట కవచం అంచు కింద, మణికట్టు మీద, నిగనిగ.
వాళ్ల బావ పంపించినాడంట, ఈ కువైటు నించే.
తీసేయమని చెప్పినారంట. తీయబుద్ధి కాలేదంట.
ముళ్లు కూడా చదవొచ్చు: పదకొండుంబావు.

అందరం వాని చేతికేసి చూసినాము.
గడియారం ఉన్న జాగాలో నూనె కాలిన మచ్చ.
ఆ దినం పదకొండుంబావుకు ఎండ ఎట్ల కాసిందో చెప్పినాడు,
ఎవని మేకో వచ్చి వరస చెడగొట్టిందని,
డైరెక్టరు మైకులో మేకను తిట్టినాడని.
ఆకామా సంగతి మాత్రం చెప్పలేదు.
అది దాటిపోయి రెండు నెలలు.

మామా ఫోను. జమియాకు పోవాల, పాలు, ఖుబ్బూసు, చాకిరేవు పొడి.
బయట తోజు లేచింది.
ముందర బండి నంబరు కూడా కనపడలేదు నాకు.

తిరిగొచ్చేసరికి గంటన్నర.
పెంచలయ్య బస్సుకు పోయినాడు,
గంగిరెడ్డి వాకిలికి ఆనుకోని నిద్రపోయినాడు.
సినిమా ఆడనే ఉండాది.
ముట్టుకోకుండా వదిలేస్తే ఆ పెట్టె
తెరను చీకటి చేస్తాది, దాని అలవాటు అది.
ఖాజా మంచం పట్టె మీద కూచోని
అరిగిన మీటను బొటనవేలితో
నిమిషానికొకసారి, మెల్లగా,
కుడిపక్కకు నెడతాండాడు.